మహర్నవమినాడు నన్ను కడగలేదు

నేను ఒక గాజు ఫ్లాస్కుని. పొట్ట గుండ్రం, మెడ పొట్టి, కాళ్లు లేవు. కింద చుట్టకుదురు లేకపోతే బల్లమీద నిలబడలేను కూడా. కొలిమి దగ్గర నన్ను ఊదినవాడు బుగ్గలు నొప్పెట్టి ఓ బూతు తిట్టాడు. నా నామకరణం అదే. అక్కణ్ణించి విశాఖపట్నంలో ఓ రసాయన ల్యాబుకి వచ్చిపడ్డాను.

అక్కడ నూకరత్నం చేతికి చిక్కాను. అనకాపల్లి పిల్ల, పరిశోధన విద్యార్థిని. ఆవిడ తయారుచెయ్యాల్సింది పోర్ఫిరిన్. నెత్తురుకి ఎరుపూ ఆకుకి పచ్చదనమూ ఇచ్చే పదార్థాలకి దగ్గరి చుట్టం అది. పైరోల్ అణువులు నాలుగు, బాదం వాసనేసే ఇంకో నాలుగు అణువుల్ని మధ్యమధ్య కలుపుకుని గుండ్రంగా చేతులు పట్టుకోవాలి. అప్పుడు ఊదారంగు స్ఫటికాలొస్తాయి. చెప్పడానికి ఇంతే!

వీళ్లందర్నీ ఓ ఆమ్లంలో వేసి నా పొట్టలో మరిగించేది. అబ్బబ్బ, ఏం కంపండీ! ఉతకని బనీనులో పులిసిన మజ్జిగ మూటగట్టినట్టుండేది. ఆ వాసనతో బస్సెక్కితే చుట్టూ సీట్లు ఖాళీ. పాపం, హాయిగా కూర్చుని ఏడ్చుకుంటూ ఇంటికెళ్లేది.

ఏడుపెందుకంటే, రోజూ నాలో కనపడేది తారులాంటి నల్లటి నీళ్లే. పైగా ఆవిడ గైడు వీరభద్రం మాస్టారు ఓ శాసనం చేశారు. ఆ కంపుకి పైఅంతస్తు లెక్కలశాఖ వాళ్లు గొడవకొచ్చారట. అందుకని సాయంత్రమయ్యేసరికి ఫ్లాస్కు పారబోసి కడిగెయ్యాలి. కడిగేది.

"దసరా వెళ్లేలోగా ఊదారంగు చూపించకపోతే ఈ పరిశోధన కట్టిపెట్టేద్దువుగానమ్మా," అన్నారాయన ఓ రోజు. నాలుగేళ్ల చాకిరీ! నాకు గుండె లేదు గానీ, ఉంటే ఆ మాటకి పగిలేది.

మహర్నవమి వచ్చింది. ల్యాబులో ఆయుధపూజ. త్రాసు, మైక్రోస్కోపు, చివరికి చీపురుకట్ట కూడా అమ్మవారి పటం ముందు చేరాయి. అప్పుడే పొయ్యి దిగిన నన్ను నల్లటి పొట్టతో సహా తీసుకెళ్లి నడిమధ్య కూర్చోబెట్టారు. పసుపు రాసి, బొట్టు పెట్టి, మెడలో బంతిపూల దండ వేశారు. అందరూ ముక్కులు మూసుకునే మంత్రాలు చదివారు.

"కడిగేసి పెట్టనా మాస్టారూ?" అంది నూకరత్నం.

"తప్పు తప్పు! పూజలో పెట్టిన ఆయుధం రేపు ఉద్వాసన చెప్పేదాకా ముట్టుకోకూడదు. కళ్లుపోతాయి!"

నా బతుకులో మొదటిసారి నన్నెవరూ కదపలేదు, కడగలేదు. తీరిగ్గా చల్లబడ్డాను. మర్నాడు ఉద్వాసన చెప్పి నన్ను వంచేసరికి అడుగున ఊదారంగు స్ఫటికాలు తళుక్కుమన్నాయి.

"తల్లీ, కరుణించావా!" అంటూ మాస్టారు నాముందు సాష్టాంగపడిపోయారు. నూకరత్నం మాత్రం సింకువైపు తిరిగింది. రాత్రంతా కదపకుండా చల్లారనిస్తే చాలు, స్ఫటికాలు వాటంతటవే అడుగున పేరుకునేవి; ఇన్నాళ్లూ అందులోకి తను పారబోసిందేమిటో తెలిసొచ్చింది. నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది.

ఇప్పుడు నేను అద్దాల బీరువాలో ఉన్నాను, ఎండిన దండతో సహా. మహిమగల ఫ్లాస్కునట! కొత్తగా చేరినవాళ్లు నాముందు కొబ్బరికాయ కొట్టి మరీ పని మొదలుపెడతారు. మాస్టారి శాసనం మాత్రం అలాగే ఉంది, సాయంత్రానికి కడిగెయ్యాల్సిందే. ఈ మనుషుల్ని బాగుచెయ్యడం అమ్మవారి తరం కూడా కాదు.

నిన్న ఓ కొత్తమ్మాయి నాకు దండం పెట్టుకుని, తన ఫ్లాస్కుతో సింకు దగ్గరికి బయల్దేరింది. ఇప్పుడు ఇక్కడే పాఠాలు చెప్తున్న నూకరత్నం గభాలున అడ్డమొచ్చింది.

"దండం పెట్టుకో, తప్పులేదే. పొద్దున్నలోగా అది కడిగావో, వీపు చిట్లగొడతాను!"

"మరి లెక్కలవాళ్లు, మేడమ్?"

"ముక్కు మూసుకోమను. నాలుగేళ్లు నేనేడ్చాను, ఒక్క రాత్రికి వాళ్లేం చచ్చిపోరు."

ఆ పిల్ల ఫ్లాస్కుని మెల్లిగా చుట్టకుదురుమీద దించింది. హమ్మయ్య అనుకున్నాను.