మహిమ సిలువ మీది నంబరు

“సంఘ పెద్దలు ఒప్పుకున్నరు పిల్లా! సమాధుల పండుగకు నీ ప్రోగ్రామే!” అంటూ జోయల్ బోథ్ చర్చి మెట్లు రెండేసి దిగి వచ్చాడు. పెళ్లయి నెల తిరగని హెప్సిబాకు ఆ సంబరంలో మొగుడి చెవి వెనక అంటుకున్న పత్తి పోగు కూడా ముద్దొచ్చింది.

హెప్సిబా రాసిన కంప్యూటరు ప్రోగ్రాము చిన్నదే. చనిపోయినవాళ్ల పేరు ఇస్తే, అక్షరాలన్నిటినీ కలిపి నూరి నాలుగంకెల నంబరు తీస్తుంది. దాన్ని సిలువ మీద రాస్తారు. ఫోన్‌లో ఆ నంబరు కొడితే, ఇంటివాళ్లు దాచుకున్న ఆ మనిషి గొంతు వినిపిస్తుంది. ఇద్దరికి ఒకే నంబరొస్తే ఎట్లని సంఘ పెద్దలు అడిగారు. “నంబర్లు పదివేలు, సమాధులు నూట ఇరవై. నూటికి ఒక్క వంతు, అంతే” అంది హెప్సిబా, కరీంనగర్‌లో చదివొచ్చిన ధీమాతో.

పండుగ ముందటి సాయంత్రం అత్త రిబ్కమ్మతో సమాధులకు సున్నం వేయడానికి వెళ్లింది. జోయల్ అక్క మహిమ ఏడేళ్లకే పోయింది. “నా బిడ్డ గొంతు ఏడ దొర్కుతది? అప్పుడు గిసొంటి ఫోన్లు లేకుండె” అంటూనే రిబ్కమ్మ ఆశ చావక బిడ్డ సిలువ మీది నంబరు కొట్టింది.

ఫోన్‌లోంచి ఒక చిన్నపిల్ల గొంతు పలికింది: “అవ్వా, సలి పెడ్తందే. లోపలికి పోదాం.”

రిబ్కమ్మ తడి సున్నం మీదే కూలబడింది. “నా బిడ్డే.”

మహిమ పేరు మీద తను ఏ గొంతూ పెట్టలేదని హెప్సిబాకు తెలుసు.

ఇంటికి రాగానే రిబ్కమ్మ కొత్త జంట మంచం మీది ఎర్ర రగ్గు లాగింది. “దానికి కప్పొస్త.”

“అవ్వా, మాకున్నది గా రగ్గొక్కటే!” అన్నాడు జోయల్.

“పడుచోల్లు, మీకేం సలిరా?”

హెప్సిబా కంప్యూటరు తెరిచింది. ఒకే నంబరు కింద రెండు పేర్లు: మహిమ, దీవెన. గొంతు దీవెనది, కిందటేడు పోయిన దేవవ్వ కూతురిది. లెక్క ఎక్కడ తప్పిందో అప్పుడు తట్టింది. ప్రతి సమాధినీ సమాధుల తోటలోని మిగతా అన్నిటితోనూ జత కట్టి చూడాలి. జతలు ఏడువేలు దాటాయి. పదివేల నంబర్లకు అన్ని జతలంటే, ఎక్కడో ఒకచోట ఇద్దరు కలవడం బొమ్మా బొరుసా అన్నంత మాట.

చెప్పకుండా నంబరు మారిస్తే రేపు మహిమ పలకదు. మార్చకపోతే ఒక్క గొంతుకు ఇద్దరు తల్లులు. చెబితే, ఇప్పుడే దొరికిన బిడ్డను అత్త చేతుల్లోంచి తనే లాక్కున్నట్టు.

చెప్పింది.

రిబ్కమ్మ రగ్గు మీది కుచ్చులు సవరించింది. “మరి గా పిల్లకు సలి పెడ్తనే ఉన్నది గద?”

హెప్సిబాకు మూసిన కంప్యూటరులోంచి ఆ గొంతు ఇంకా వస్తున్నట్టే ఉంది.

“మహిమకు వేరే నంబరిస్త, అత్తమ్మా. కానీ ఏం వినబడదు.”

“ఉత్తగున్నా సరే. దానిది దానికే ఉండాలె.” రిబ్కమ్మ రగ్గు మడిచి, పైన తన శాలువ పెట్టింది. “రేపు తెల్లారంగనే దేవవ్వను లేపుదాం. రగ్గు దీవెనకు, శాలువ మహిమకు. నువ్వు గూడ రావాలె.”