పంతొమ్మిదో సవరణ రంగు

హాజరైనవారు, కూర్చున్న వరుసలో: బల్ల తలవైపున అధ్యక్షుడు, ఆయనకు కుడివైపున అధికార పక్షం వారు నలుగురు, వారిలో మొదట విప్, చివర పశువైద్యుడు, ఎడమవైపున ప్రతిపక్షం వారు నలుగురు, వారిలో మొదట మాజీ ప్రధానోపాధ్యాయురాలు. అందరికీ వెనుక, కిటికీ పక్కన, చిన్న బల్ల ముందు సహాయ కార్యదర్శిని. ఆమెను హాజరైనవారిలో చేర్చే ఆనవాయితీ లేదు. ముప్పై మూడేళ్ళుగా ఆ పట్టిక రాస్తున్నది మాత్రం ఆమే.

రాష్ట్ర బడ్జెట్‌కు వచ్చిన సవరణలను శాసనసభకు పంపే ముందు తేల్చడం ఈ తొమ్మిదిమంది సంఘం పని. ఏ పన్ను తగ్గించాలో, ఏ ఖర్చు పెంచాలో కుడివైపు వారు ఎడ్డెమంటే ఎడమవైపు వారు తెడ్డెమనేవారు. నలుగురికి నలుగురూ సమానం కాగానే అధ్యక్షుని ఓటు కుడివైపు మొగ్గేది. ఒకప్పుడు ప్రతిపాదించినవారి పేరు చదవగానే కేకలు మొదలయ్యేవి. అందుచేత పేరు చదవరాదనీ, సంఖ్య మాత్రమే పిలవాలనీ తీర్మానించుకున్నారు. పక్షం తెలియడానికి అధికార పక్షం సవరణలను తెల్ల కాగితం మీద, ప్రతిపక్షం వారివి పసుపు కాగితం మీద అచ్చువేయడం ఆచారమైంది. కేకలు తగ్గాయి. చదవడం కూడా తగ్గింది. రంగు చూడడం, చెయ్యెత్తడం, టీ తాగడం.

రంగు లేకపోతే వీరేం చేస్తారన్న ప్రశ్న చాలా ఏళ్ళుగా సహాయ కార్యదర్శిని చెవిలో జోరీగలా తిరుగుతూ ఉండేది. పదవీ విరమణకు ఇంకా మూడు నెలలే ఉన్నాయి. ఇంతకాలంలో ఆమె సర్వీసు పుస్తకంలో ఒక్క మచ్చ కూడా పడలేదు. జోరీగను తోలుకుంటూ ఇంటికి పోవడమే మర్యాద అనుకుంది.

ఆ ఉదయం పసుపు కాగితం నిండుకుంది. ఆఫీసు ఖర్చుల మీద ఇరుపక్షాలూ పోట్లాడుకుని కొనుగోళ్ళు ఆపించిన ఫలితమది. వేరే దారి లేక నలభై రెండు సవరణలనూ తెల్ల కాగితం మీదే అచ్చువేయించింది. సమావేశానికి ముప్పావుగంట ముందు, అదే భవనంలో స్టోర్సు చూసే ఆమె తమ్ముడు ఒక కట్ట మోసుకొచ్చాడు.

"అక్కా, పసుపుది ఒక కట్ట దొరికింది. పాత కుర్చీల వెనకాల ఉంది. అరగంటలో మళ్ళీ వేయించెయ్యొచ్చు."

ఆమె కట్టను చూసింది. పేర్చి పెట్టిన తెల్ల కాగితాలను చూసింది.

"బీరువాలో పెట్టు," అంది.

"అదేంటి?"

"పెట్టరా."

పదకొండు గంటలకు అధ్యక్షుడు మొదటి సవరణను పిలిచాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. ఎనిమిది తలలు అటూ ఇటూ తిరిగాయి.

విప్ వెనక్కి వంగాడు. "ఏమ్మా, ఇది మాదా, వాళ్ళదా?"

"సంఖ్య పైనే ఉందండీ."

"సంఖ్య సరేనమ్మా, రంగేది?"

"విషయం కిందే ఉందండీ."

"అంటే ఇవన్నీ చదవాలా!"

"చదవండి బాబూ, కళ్ళేం అరిగిపోవు," అంది ప్రధానోపాధ్యాయురాలు. అన్నదే గానీ ఆమె కళ్ళద్దాలు సంచీ అడుగున ఎక్కడో ఉండి, దొరకడానికి రెండు నిమిషాలు పట్టింది.

తరువాత ఆ గదిలో అంతకుముందెన్నడూ వినని చప్పుడు వినిపించింది: తొమ్మిదిమంది కాగితాలు తిప్పుతున్న చప్పుడు. కార్యదర్శిని కలం ఆపి విన్నది. ఎవరి పెదవులు కదులుతున్నాయో, ఎవరు పక్కవాడి చేతికేసి చూస్తున్నారో చిన్నపిల్లలా గమనించసాగింది. చిన్న దుకాణాల మీద పన్ను ఎత్తివేయాలన్న ఏడో సవరణకు ప్రధానోపాధ్యాయురాలు చెయ్యెత్తింది. అది అధికార పక్షం వారిది. లారీల పన్నును పూర్తిగా రద్దుచేయక సగం ఉంచి, ఆ సొమ్ముతో బలహీనపడ్డ వంతెనలు బాగుచేయాలన్నది పంతొమ్మిదోది. పశువైద్యుడు దానిని రెండుసార్లు చదివాడు.

"మా వంతెన దగ్గర బండి దిగి, మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని నడుస్తున్నా," అని గొణిగి చెయ్యెత్తాడు. ఆయనను చూసి విప్ ఎత్తాడు. అది ప్రతిపక్షం వారిది.

భోజన విరామంలో విప్ తన పార్టీ ఆఫీసు జాబితాతో సరిచూసుకుని, ముఖం ఎర్రగా చేసుకుని వచ్చాడు. "ఇది కుట్ర! సభ్యుల్ని తప్పుదోవ పట్టించారు. ఓట్లు మళ్ళీ తీయాలి, ఈవిడ్ని సస్పెండ్ చేయాలి."

నిబంధన ప్రకారం, తప్పుదోవ పట్టానని సభ్యుడెవరైనా చెబితేనే ఓటు మళ్ళీ తీస్తారు. అలా చెప్పిన మరుక్షణం ఆమె మీద విచారణ, పింఛనుకు ఎసరు. అధ్యక్షుడు ఆమెను పిలిచాడు.

గుమ్మం దగ్గర తమ్ముడు చెవిలో ఊదాడు. "స్టాకు లేదని రాసిచ్చేస్తా అక్కా, పీడా పోతుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"నా దురదకి నువ్వెందుకు గోక్కోవడం? పక్కకి జరుగు."

"పసుపు కాగితం నిజంగా లేదామ్మా?" అన్నాడు అధ్యక్షుడు.

"అచ్చువేసేటప్పుడు లేదండీ. సమావేశానికి ముప్పావుగంట ముందు వచ్చింది. మళ్ళీ వేయించే టైముండీ వేయించలేదు. రంగు లేకపోతే మీరు చదువుతారో లేదో చూడాలనిపించింది. తప్పు నాదే, స్టోర్సుది కాదు."



"విన్నారా! ఒప్పేసుకుంది!" అన్నాడు విప్.

"అయితే తప్పుదోవ పట్టినవారు చెయ్యెత్తండి," అన్నాడు అధ్యక్షుడు.

విప్ చెయ్యి సగం దాకా లేచింది.

"ఎత్తండి మరి," అన్నాడు విప్ సొంత పక్షంవాడైన పశువైద్యుడే. "చదవకుండా ఓటేశానని మినిట్స్‌లో రాయిద్దాం. ఆవిడ రంగు దాచింది గానీ అక్షరం దాచలేదు. నేను చదివే ఎత్తాను. దించను."

"నేనూ అంతే," అంది ప్రధానోపాధ్యాయురాలు. "మావాళ్ళు తిడితే తిట్టుకోనీ."

విప్ ఆ చేత్తోనే జుట్టు సవరించుకుని కూర్చున్నాడు. అధ్యక్షుడు తీర్మానం చెప్పి, రాసుకోమన్నాడు. మినిట్స్ రాసేది ఆమే గనుక ఆమే రాసింది. ఒక్క అక్షరం వంకర పోలేదు.

"ఏడవ, పంతొమ్మిదవ సవరణలు ఆమోదం పొందినవి. ఆచారమును అతిక్రమించినందుకు సహాయ కార్యదర్శినిని ఈ సంఘము మందలించుచున్నది. తప్పించుకొను వీలుండియు, అడిగిన మాటకు నిజము చెప్పినందుకు ఆమెకు తన కృతజ్ఞతను ఇందుమూలముగా నమోదు చేయుచున్నది."