పుదీనా తెచ్చిన పాయింటు

పండగనాడు హాల్లో ఊరందరికీ పెట్టే సోపాస్ కాగుల్లో కుతకుతలాడుతుండగా ఒడీలియా బోర్బాకి పుదీనా ఇంట్లోనే మరిచిపోయిన సంగతి గుర్తొచ్చింది. రొట్టె ముక్కల మీద పుదీనా రెమ్మలు పరిచి, ఆ పైన మాంసం పులుసు పోయాలి. పుదీనా పూచీ ఏటా ఆమెదే. అది లేని సోపాస్ వడ్డిస్తే ఈ ఊరి పోర్చుగీసు ఆడవాళ్ళు ఆమె పోయాక కూడా చెప్పుకుంటారు. పికప్పు బండెక్కి ఇంటికి ఉరికింది. తిరిగొస్తుంటే బాదం తోటల దారిలో హైవే పోలీసు ఆపి, వేగం మీరావంటూ జరిమానా టికెట్ రాసిచ్చాడు.

ఆ టికెట్‌కి లైసెన్సు మీద తప్పుకి గుర్తుగా ఒక పాయింటు పడుతుంది. ఒడీలియా స్కూలు బస్సు డ్రైవరు. పాయింటు పడ్డ డ్రైవర్లను వాళ్ళ బస్సు షెడ్డు ఏడాదిపాటు బస్సు ఎక్కనివ్వదు. ఇరవై ఏళ్ళుగా ఆ బస్సే ఆమె బతుకు. పొగమంచులో పాల డెయిరీల పక్కన వణుకుతూ నిలబడే పిల్లల్ని ఇంకెవరో ఎక్కించుకుంటారన్న ఊహ తట్టుకోలేక, హాలుకి చేరగానే పుదీనా కట్టతోపాటు టికెట్ కూడా బల్ల మీద పెట్టింది.

"అంత బెంగెందుకు వదినా?" అంది తమ్ముడి పెళ్ళాం లుసిండా, గరిటె ఆపకుండానే. "నీ తమ్ముడికీ ఇలాగే పడితే ట్రాఫిక్ స్కూలుకెళ్ళి ఓ పూట కునుకు తీసొచ్చాడు. పాయింటూ లేదు, ఎవరికీ తెలీనూ లేదు."

"మా షెడ్డులో డెన్నిస్‌కి తెలిస్తేనో?"

"నువ్వెళ్ళి డప్పు కొడితే తెలుస్తుంది."

కోర్టువాళ్ళని అడిగి, పాయింటుకి బదులు ట్రాఫిక్ స్కూలులో ఒక పూట పాఠం వినేలా ఒప్పించుకుంది. తరగతి ఇంకా కొన్నాళ్ళు ఉందనగా షెడ్డులో నెలవారీ మీటింగు వచ్చింది. షెడ్డు పెద్ద డెన్నిస్ హోగ్లండ్‌కి ఒక అలవాటు. డోనట్ల పెట్టె పట్టుకుని ఒక్కొక్కరి ముందూ ఆగి, "లైసెన్సు మీద ఏమైనా పడిందా?" అని అడుగుతాడు. "ఏమీ లేదు" అన్నవాళ్ళు డోనట్ తీసుకుంటారు. ఒడీలియా కూడా "ఏమీ లేదు" అంది. ఇరవై ఏళ్ళుగా అంటున్న మాటే, ఆ రోజు మాత్రం డోనట్‌ని కొరికి పక్కన పెట్టేసింది.

తరగతిలో బట్టతల మాస్టారు చివర్లో ఒక ప్రశ్న వేశాడు. "బస్సులూ లారీలూ నడిపే లైసెన్సు ఎవరికైనా ఉందా?"

ఒడీలియా సగం చెయ్యెత్తింది.

"సొంత బండిలో దొరికారా? అయితే బతికిపోయారు, పాయింటు పడదు. కానీ కారు లైసెన్సు వాళ్ళకి దాగినట్టు మీకు టికెట్ దాగదమ్మా. మీ రికార్డులో కనపడుతూనే ఉంటుంది. మీ యజమానికి కబురు దానంతటదే వెళ్ళిపోతుంది."

ఒడీలియా ఎత్తిన చెయ్యి దించేసింది. తమ్ముడిది కారు లైసెన్సు. వాడి జ్వరానికి ఇచ్చిన మందు తను మింగి కూర్చుంది. పాయింటు తప్పింది, బాగానే ఉంది. మరి డెన్నిస్ కళ్ళలోకి చూస్తూ ఆడిన అబద్ధం మాటేమిటి?

ఆపైన షెడ్డులో ఫోను మోగితే చాలు, అది తన గురించేననుకునేది. చెప్పేద్దామని ఆయన గది దాకా వెళ్ళడం, టైర్ల గురించి ఏదో అడిగి వెనక్కి రావడం. రోజూ ఇదే తంతు. అంతలో మళ్ళీ మీటింగు వచ్చింది.

"లైసెన్సు మీద ఏమైనా పడిందా, ఒడీలియా?"

చెప్పాలనే నోరు తెరిచింది. "ఏమీ లేదు" అనే మాటే ముందు బయటపడింది. డెన్నిస్ కాసేపు అక్కడే నిలబడి, పక్కమనిషి దగ్గరికి కదిలాడు. తీసుకున్న డోనట్‌ని ఆమె చేతిరుమాల్లో చుట్టేసింది. మీటింగు కాగానే ఆయన వెనకాలే గదిలోకి వెళ్ళింది.

"డెన్నిస్, నాకు టికెట్ పడింది. మీకు అబద్ధం చెప్పాను. రెండుసార్లు."

"తెలుసు. మొన్ననే కబురొచ్చింది" అన్నాడు కాఫీ కప్పు కిందపెడుతూ. "ఇవాళ నువ్వే చెప్తావని నీ ముందు కాసేపు ఆగాను."

"బస్సు తీసేసుకుంటారా?"

"పాయింటు లేకుండా ఎలా తీసుకుంటాను? వెళ్ళు, పిల్లలు ఎదురుచూస్తుంటారు."

ఆ పూట బస్సెక్కి స్టీరింగు పట్టుకుని హాయిగా ఏడ్చింది. పండు ముసలయ్యేదాకా ఇక నిమ్మళంగా నడుపుకోవచ్చనుకుంది.

మరుసటి నెల మీటింగులో, అడగ్గానే చెప్పాలని "ఏమీ లేదు" అన్న మాటను నాలుక చివర పెట్టుకుని కూర్చుంది. ఈసారి అది నిజం, కొత్తగా ఏదీ పడలేదు. డెన్నిస్ పెట్టె పట్టుకుని వరసగా అడుగుతూ వచ్చాడు. ఆమె ముందు ఆగి పెట్టె చాచాడు.

"తీసుకో" అన్నాడు.

ఆమె ఆ ప్రశ్న కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. ఆయన ఇక ఆమె మాటతో పనిలేనట్టు పక్కమనిషి వైపు తిరిగి, "లైసెన్సు మీద ఏమైనా పడిందా?" అని అడిగాడు.