ఆయ్ తర్వాత వచ్చిన మాట

పోర్ట్‌స్కెల్లీ రేవులో ఎల్స్పెత్ నోటికి భయపడని పడవవాడు లేడు. రేవు ఆఫీసు మేడమీద, సముద్రం వైపు కిటికీ ఉన్న రేడియో గదిలో ఆమె పదేళ్లుగా కూర్చుంటోంది. వచ్చే పడవకు ఎక్కడ కట్టుకోవాలో, పోయే పడవకు గాలి ఎటుందో చెప్పడం ఆమె పని. ఆ గదిలో అడుగుపెట్టిన మొదటి రోజే ఒక చట్టం చేసింది. తన రేడియోలో ఎవరూ "ఆయ్" అనకూడదు.

"విన్నారా, రోజర్ అనండి. విని, చెప్పినట్టు చేస్తామంటే విల్కో అనండి. చెప్పాల్సింది అయిపోతే ఓవర్ అనండి. ఆయ్ అంటే నాకేం అర్థం కావాలి? విన్నట్టా, చేస్తున్నట్టా, నన్ను వెక్కిరిస్తున్నట్టా?"

"మరి ఇంట్లో మా ఆవిడ ఏదైనా చెబితే ఏమనమంటావు తల్లీ?" అని ముసలి హెక్టర్ తన పడవలోంచి అడిగాడు.

"నువ్వు రోజర్ అంటే చాలు హెక్టర్. విల్కో నీ వల్ల అయ్యే పని కాదని మీ ఆవిడే చెప్పింది. ఓవర్."

స్కాట్లాండ్‌లో ఆ మూలన పుట్టినవాణ్ణి ఆయ్ అనొద్దంటే గాలి పీల్చొద్దన్నట్టే. అవునన్నా ఆయే, సరేనన్నా ఆయే. పొద్దున్నే ఎదురుపడి "ఆయ్ ఆయ్" అంటే బాగున్నావా అని. ఇక "ఆయ్, రైట్" అనేదొకటుంది. ఆయ్ అంటే అవును, రైట్ అంటే సరే. రెండూ కలిస్తే ఎంత గట్టి ఒప్పుకోలు కావాలి! కాదు. "చేశావులే, పోవోయ్" అని దానర్థం. పాపం, ఇంగ్లండు నుంచి వచ్చిన కొత్త బడిపంతులు పడవవాళ్లన్న ఆ మాట నమ్మి, పడవ షికారుకు తీసుకెళ్తారని మూడు ఆదివారాలు కోటు తొడుక్కుని గట్టు మీద నిలబడ్డాడు.

ఏప్రిల్ నెలలో ఒక సోమవారం, పొద్దున్న పదింటికి, మర్డో ఆ మేడమెట్లెక్కి వచ్చాడు. మారిగోల్డ్ అనే పడవ అతనిది. దాన్ని ఐర్లాండ్‌లో ఎవరికో అమ్మేశాడు. తీసుకెళ్లి అప్పజెప్పి, అక్కడే ఆ పడవకే సరంగుగా ఉండిపోతాడట. వారం నుంచీ ఊరంతా ఆ మాటే. వారం నుంచీ ఎల్స్పెత్‌కు రొట్టెముక్క గొంతు దిగడం లేదు.

ఎలా దిగుతుంది? పద్నాలుగేళ్లుగా ఆమె ఆ మనిషి కోసమే చస్తోంది. పడవలు తిరిగొచ్చే వేళ ఇరవై గొంతుల్లో అతని గొంతు కోసం చెవులు రిక్కించేది. అతను "రోజర్" అంటే ఆ పూటకు కడుపు నిండేది. ఒక్కోసారి శుభ్రంగా వినపడినా, "గరగరమంటోంది, మళ్ళీ చెప్పు" అనేది. అతను మళ్ళీ చెప్పేవాడు, గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి. ఈ పదేళ్లలో ఆమె ఆడిన అబద్ధాలన్నీ ఆ ఒక్క రకమే.

"సంతకం ఎక్కడ?" అన్నాడు మర్డో, రేవు వదిలే కాగితం తిప్పి చూస్తూ.

"కింద."

సంతకం పెట్టాడు. పెట్టి, వెంటనే పోలేదు. టోపీ చేతిలో తిప్పుకుంటూ గదంతా చూశాడు. "ఇంత చిన్న గదనుకోలేదు. రేడియోలో వింటుంటే పెద్దదనిపించేది."

"అరవడానికి గది పెద్దదే కావాలా ఏం?"

మర్డో నవ్వాడు. ఆ నవ్వు ఇక వినపడదు కదా అనుకుంది ఎల్స్పెత్. మనసులో ఉన్నదంతా మింగి, ఏదో మాటవరసకు అన్నట్టు అడిగింది. "ఎప్పుడైనా ఇటు వస్తే, వచ్చి కనపడతావా?"

"ఆయ్, రైట్," అన్నాడు.

ఆమె ప్రాణం చివుక్కుమంది. "అంత వెటకారం దేనికి మర్డో?"

"వెటకారం కాదులే. ఆ రోజు ఉప్పు షెడ్డు దగ్గర నువ్విచ్చిన జవాబే కదా. నీది నీకిచ్చేసి పోతున్నా." టోపీ పెట్టుకుని దిగిపోయాడు.

మొదట ఆమెకు ఒళ్లు మండింది. నేనెప్పుడన్నాను అని. తర్వాత, కుర్చీలో కూలబడి, ఆ రోజును మొదటి నుంచీ తవ్వి చూసుకుంది.

అప్పుడామెకు ఇరవై నాలుగేళ్లు. కత్తికి తెగకుండా వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని, ఉప్పు షెడ్డు ముందు హెర్రింగ్ చేపల పొట్టలు చీలుస్తోంది. చెవులు చిల్లులు పడే గాలి. మర్డో వచ్చి, తన బూట్లకేసి చూసుకుంటూ, "నన్ను చేసుకుంటావా?" అని అడిగాడు. ఆమె "ఆయ్" అంది. అంతే అంది. మనసంతా పెట్టి అంది. సరిగ్గా అప్పుడే షెడ్డులోంచి, అక్కడ చేపలు చీల్చే ఆడవాళ్లందరి మీదా పెత్తనం చేసే ఇనా, "ఎల్స్పెత్! ఇంకో పీపా పట్రావే!" అని కేకేసింది. ఎల్స్పెత్ వెనక్కి తిరిగి "రైట్!" అంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి మర్డో వెళ్లిపోతున్నాడు.

ఓరి దేవుడా! రైట్ అన్నది ఇనాకు. ఆ గాలిలో ఇనా కేక అతని చెవిన పడి ఉండదు.

ఆమె ఇన్నాళ్లూ అనుకున్నది వేరు. ఏదో సరదాకు అడిగాడు, నేను ఒప్పుకునేసరికి హడలి పారిపోయాడు అనుకుంది. పోయి ఒక్కసారి నిలదీయొచ్చు కదా? అమ్మో, ఆ తీరంలో ఆడపిల్ల అలా అడగడమే! అతను మాత్రం? ఒకసారి కాదనిపించుకున్నవాడు రెండోసారి నోరు తెరుస్తాడా! ఇద్దరూ ఇద్దరే. ఆయ్ అన్న మాట వింటేనే ఆమెకు ఆ ఉప్పు షెడ్డు గుర్తొచ్చేది. అందుకే ఆ చట్టం. ఊళ్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

లేచి కిటికీలోంచి చూసింది. మారిగోల్డ్ తాళ్లు విప్పుకుని అప్పుడే గట్టు చివర దాటేసింది. పరుగెత్తి ప్రయోజనం లేదు. ఉన్నది రేడియో ఒక్కటే. రేడియోలో మాట్లాడితే ఇరవై పడవలూ వింటాయి. సొంత కబుర్లు చెప్పుకోకూడదనేది కూడా ఆమె పెట్టిన చట్టమే.

వింటే విననీ అని మీట నొక్కింది.

"మారిగోల్డ్, మారిగోల్డ్, ఇది రేవు. ఓవర్."

"రేవు, మారిగోల్డ్. చెప్పు. ఓవర్."

"ఉప్పు షెడ్డు దగ్గర నేను నీకు చెప్పింది ఒక్క ముక్కే. ఆయ్ అన్నాను. రెండో ముక్క నీకు కాదు. ఇనా పీపా తెమ్మంటే ఆవిడకు చెప్పాను. నువ్వే అడిగి నువ్వే పారిపోయావనుకుని పద్నాలుగేళ్లు ఏడ్చాను. విన్నావా? ఓవర్."

నోట్లో నువ్వుగింజ నానని హెక్టర్ కూడా నోరెత్తలేదు.

"రోజర్," అన్నాడు మర్డో.

అంతే. రోజర్ అంటే విన్నాను అని. అంతకు మించి ఇంకేమీ కాదు. ఆ సంగతి ఊరందరికీ తిట్టి మరీ నేర్పింది తనే. పోనీ, విన్నాడు, అది చాలదా అని సర్దిచెప్పుకోబోయింది. చాలలేదు. ఎలా చాలుతుంది? పడవ సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము వైపు పోతూనే ఉంది. ఏడుపు ముంచుకొచ్చింది.

"రేవు, మారిగోల్డ్." మర్డో మళ్ళీ పిలిచాడు. "ఆ ఆయ్ ఇంకా ఉందా, ఎల్స్పెత్? ఓవర్."

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని రేవు అధికారి గిల్‌క్రిస్ట్ వచ్చాడు. "ఎల్స్పెత్, టీ కాస్తున్నా, నీకూ పోయనా?"

ఆమె వెనక్కి తిరగలేదు. ఆగమన్నట్టు అరచెయ్యి చాపి, మీట నొక్కింది.

"ఆయ్," అంది.

మీట వదిలి, రెండు చేతులతో నోరు మూసుకుంది. ఓవర్ కూడా అనలేదు. ఈసారి ఆ మాట తర్వాత ఇంకే మాటనూ రానివ్వదలచుకోలేదు.

అవతలి నుంచి పలుకు లేదు. ఓవర్ అననిదే బదులివ్వకూడదని పదేళ్లు తలంటింది కూడా ఆమే. మర్డో చెప్పిన మాట వినే మనిషి. కెటిల్ పట్టుకుని గిల్‌క్రిస్ట్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

చివరికి హెక్టర్ ఉండబట్టలేకపోయాడు. "ఒరే మర్డో, ఆవిడ చెప్పడం అయిపోయిందిరా! పలకవేంరా మొద్దూ!"

"గురువారం పడవ అప్పజెప్పాలి. మాటిచ్చాను," అన్నాడు మర్డో. "వేరే సరంగును చూసుకోమని చెప్పేస్తాను. శనివారం మధ్యాహ్నం బస్సుకు వచ్చేస్తాను." ఆపైన ఇంకో మాట కలిపాడు. "విల్కో."

మారిగోల్డ్ వెనక్కి తిరగలేదు. కొండకొమ్ము చుట్టి పోయింది. ముందు పడవ పొట్ట మరుగైంది, ఆఖర్న దాని స్తంభం కూడా మరుగైంది. శనివారానికి ఇంకా ఐదు రోజులు. పద్నాలుగేళ్లు ఓర్చుకున్న మనిషికి ఆ ఐదు రోజులు ఎలా గడుస్తాయో తోచలేదు. రేడియో అందే దూరంలోనే ఇంకో అరగంట ఉంటాడనుకుని, కళ్లు తుడుచుకుని, మీట నొక్కింది.

"మారిగోల్డ్, గరగరమంటోంది. మళ్ళీ చెప్పు. ఓవర్."