లోపాల పుస్తకం

ఆ రోజు పొద్దున షట్టరు ఎత్తేసరికి ఆయన చేతిలో ఉన్న ఆస్తి ఇది: రెండు పెద్ద ఉతుకు యంత్రాలు, నాలుగు ఇస్త్రీ బల్లలు, సైనిక శిబిరం గేటు ఎదురుగా పద్దెనిమిదేళ్లుగా నడుస్తున్న దుకాణం, శిబిరం బట్టలన్నీ ఉతికే కాంట్రాక్టు, జవాన్ల నోట ‘బాబాయ్’ అన్న పిలుపు. వీటన్నిటికీ పైన, అదే శిబిరంలో కొత్తగా చేరిన తమ్ముడి కూతురు. యూనిఫాంలో ఆ పిల్లను చూసినప్పుడల్లా ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

ఎనిమిది గంటల రద్దీలో ఆ పిల్ల వచ్చింది. వెనక పదిమంది జవాన్లు మూటలతో నిలబడి ఉన్నారు. సంచి బల్ల మీద పెట్టింది గానీ నోరు పెగల్లేదు. ఆయన అలవాటుగా సంచి విప్పి, ఒక్కొక్కటే దులిపి, లోపాలు పైకి చెప్పాడు. పక్కన భార్య పుస్తకంలో రాసుకుంది.

“చొక్కా ఒకటి. కాలరు చిరిగింది. గుండీలు మూడు లేవు. ప్యాంటు ఒకటి. నెత్తురు మరక. ఏమ్మా, డ్రిల్లు చేశావా, ముళ్లకంచెతో కుస్తీ పట్టావా?”

వెనకవాళ్లు నవ్వారు. పెద్దమ్మ చూపించిన చోట ఆమె సంతకం పెట్టి, లోపలి గదిలోకి వెళ్లి గోడకు ఆనుకుని కూర్చుంది.

నెత్తుటి మరక ఆరితే మొండికేస్తుంది. ఆ పనిలో ఉన్నవాణ్ని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆయన ఆ జతను అప్పటికప్పుడు చన్నీళ్లలో ముంచి, ఉప్పు చల్లి, చేత్తో రుద్ది, యంత్రంలో పడేశాడు. మిగతావాళ్లను పంపేసరికి గంట పట్టింది. అప్పుడు లోపలి నుంచి భార్య పరుగున వచ్చింది.

“పిల్ల తెచ్చిన సంచి ఏదండీ?”

“ఉతికేశాగా. ఏం?”

ఆమె నెత్తి కొట్టుకుంది. “నిన్న సాయంత్రం ఆ డ్రిల్ మాస్టారు వెధవ సామాన్ల గదిలో దీన్ని పాడుచేశాడండీ. బ్యారక్‌లో ఉంచితే సాక్ష్యం మాయం చేస్తారని, మన దగ్గర దాచమని తెచ్చిందండీ ఆ బట్టలు!”

ఆయన చేతులకేసి చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో ఇంకా ఉప్పు ఉంది.

“ఒక్క ముక్క చెప్పకపోయావా తల్లీ?” అన్నాడు గుమ్మంలో నిలబడి.

“అంతమంది మగవాళ్ల ముందా పెదనాన్నా?” అంది ఆ పిల్ల. “పైగా నువ్వు జోకేశావు.”

పెద్దమ్మే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి నుంచే ఆ పిల్ల ఫిర్యాదు రాసి పంపింది.

ఫిర్యాదులు తీసుకోవలసింది కెప్టెన్. డ్రిల్ మాస్టారు ఆ కెప్టెన్‌కు పేకాటలో జోడీ. మూడో రోజు కెప్టెన్ తన కోటు కోసం వచ్చినట్టు వచ్చి, కోటు సంగతి ఎత్తలేదు.

“చిన్నపిల్ల బాబాయ్. కంగారులో ఏదో రాసింది. వెనక్కి తీసుకోమను, మంచి చోటికి బదిలీ చేయిస్తా. నీ కాంట్రాక్టు కూడా వచ్చే నెలతో అయిపోతోంది కదా?”

“బేరం బాగానే పెట్టారు సార్. సరుకు మాత్రం మా పిల్ల.”

“మాట జాగ్రత్త.”

“మీ కోటు ఉతికాను, తీసుకెళ్లండి. మీ మాట మాత్రం ఎన్ని నీళ్లు పోసినా తెల్లబడేది కాదు.”

కెప్టెన్ వెళ్లాక ఆయన కోపం ఎక్కడ పెట్టాలో తెలియక లోపాల పుస్తకం ముందేసుకుని ఆ పేజీ తీశాడు. తర్వాత వెనక్కి తిప్పుతూ పోయాడు. కిందటేడు ఒక సైనికురాలి చొక్కా: కాలరు చిరిగింది, గుండీలు రెండు లేవు. అంతకు ముందు ఏడు ఇంకొకామెది. ఇద్దరిదీ అదే డ్రిల్ మాస్టారి దళం. రెండింటి పక్కనా తన రాతే: ‘కుట్టి ఇచ్చాము.’

“కుట్టి ఇచ్చాన్రా!” అని అరిచి బల్ల మీద గుద్దాడు. “నీటుగా కుట్టి, మళ్లీ వాడి దగ్గరికే పంపించాన్రా నేను!”

తమ్ముడి కూతురు వచ్చి ఆ పేజీలు చూసింది.

“వాళ్లను అడక్కుండా వాళ్ల పేర్లు ఎక్కడా ఎత్తొద్దు పెదనాన్నా.”

“నీ పేజీ?”

“నాది చూపించు.”

ఆసుపత్రి రిపోర్టు పై ఆఫీసుకు చేరి విచారణ పడింది. భార్య వెళ్లి ఆ ఇద్దరితోనూ మాట్లాడింది. ఒకామె సాక్ష్యానికి వస్తానంది. రెండో ఆమె, “నన్ను వదిలేయండక్కా” అని తలుపేసుకుంది. ఆయన ఆ పేరు మీద మందపాటి కాగితం అంటించాడు.

విచారణ గదిలో ముగ్గురు అధికారులు కూర్చున్నారు. పక్కనే కెప్టెన్ కాలు మీద కాలేసుకున్నాడు.

“సాక్ష్యం మీరే ఉతికేశారట కదా?” అన్నాడు నడిమి అధికారి.

“ఉతికాను సార్. ఆ పాపం నాది. ఉతక్కముందు రాసింది మాత్రం ఇదిగో.” పుస్తకం ముందుకు తోశాడు. “మేం బట్టలు చింపుతున్నామని ఒకప్పుడు మీ ఆఫీసు గోల చేసింది. తీసుకునేటప్పుడే లోపాలు రాసి సంతకం పెట్టించమంది. ప్రతి శనివారం మీ గుమాస్తానే వచ్చి ముద్ర వేస్తాడు. మీ గుండీల లెక్క మీకు అంత ముఖ్యం. చూడండి, ఎక్కడెక్కడ ఊడాయో.”

అధికారి పేజీలు తిప్పాడు. “ఈ కాగితం కింద ఎవరిది?”

“అది చెప్పే హక్కు నాకు లేదు సార్. ఆమె వద్దంది.”

“ఆజ్ఞాపిస్తే?”

“నేను సిపాయిని కాను. చాకలిపని చేసుకునేవాణ్ని.”

తలుపు తోసుకుని కిందటేటి సైనికురాలు లోపలికి వచ్చింది. “కిందటేటి పేజీ నాది సార్. అప్పుడు ఈ కెప్టెన్ గారికే చెప్పాను. పెళ్లి కావలసినదానివి, నోరు మూసుకో అన్నారు.”

కెప్టెన్ కాలు కిందికి దిగింది.

మూడు నెలలకు లెక్క తేలింది. కాంట్రాక్టు పోయింది. ఒక యంత్రం అమ్మేశాడు. డ్రిల్ మాస్టారి యూనిఫాం ఊడింది, కేసు కోర్టుకెక్కింది. శిక్ష ఇంకా పడలేదు కాబట్టి దాన్ని ఆయన రాబడి కింద వేసుకోలేదు. కెప్టెన్‌ను వేరే శిబిరానికి పంపారు, అంటే మన వాకిట్లో చెత్త ఊడ్చి పక్కింటి వాకిట్లో పోశారు. ఆడపిల్లల బ్యారక్ తలుపులకు లోపల గడియలు బిగించారు. కట్టిన రోజే ఉండవలసిన గడియను లాభమని రాసుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. తమ్ముడి కూతురు ఉద్యోగం వదల్లేదు. వెనకనుంచి ఎవరైనా వస్తే ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. శిబిరంతో సంబంధం లేని ఒక అధికారిణి బయటినుంచి వచ్చి వారానికి రెండు రోజులు ఫిర్యాదులు తీసుకుంటోంది. మొదటి వారమే ఆమె దగ్గరికి ఐదుగురు సైనికురాళ్లు వెళ్లారు.

నికరంగా మిగిలింది ఆ ఐదుగురు. పద్దెనిమిదేళ్లు గేటు ఎదురుగా కూర్చున్నందుకు ఇంతేనా అని ఆయనకు ఒళ్లు మండిపోయింది.