ఆఖరి నందుడు ఎంకన్న

మొదలు దగ్గర ఒక వేటు, తల దగ్గర ఒక వేటు. ఎంకన్న కత్తి చెరకు మీద మూడో వేటు వేసి ఎరగదు. ముప్పైరెండేళ్లుగా ఈ సముద్రం అవతలి దీవిలో, కాంప్ ద మాస్క్ ఎస్టేటు తోటల్లో అదే పని. వంగి వంగి నడుం అలాగే ఉండిపోయింది. నడుముకు గోనెపట్టా, వేళ్ల నిండా ఆకు కోసిన గీతలు, కనుబొమల్లో మసి. మధ్యమధ్యలో కుడి పక్కటెముకల మీద చెయ్యి పెట్టి ఒత్తుకుంటాడు. ఆ నొప్పి మాత్రం చెరకు తెచ్చింది కాదు, ఆట తెచ్చింది.

1958 డిసెంబరు. కోతకి ఆ రోజే ఆఖరు. మధ్యాహ్నం కత్తులు కడిగేసి, మూడింటికి కూలీలు కూడే పాక, బైఠకా ముందు అందరూ చేరతారు. ఏటా ఒకటే ఆట: మగధని ఏలిన నందరాజుల్లో ఆఖరివాడి పతనం. తోలు మీద, రాయి మీద, కట్టెల మీద కూడా పన్ను వేసి జనం ఉసురు పోసుకున్న రాజు వాడు. ఆ వేషం ఇంకెవడూ కట్టడు కాబట్టి పదకొండేళ్లుగా ఎంకన్నే కడుతున్నాడు. వాణ్ణి సింహాసనం మీంచి తన్ని తరిమే చంద్రగుప్తుడి వేషం సిర్దార్ వీరాస్వామిది. ఏడాది పొడుగునా కూలీల మీద కర్ర తిప్పేవాడికి మంచివాడి వేషం ఇవ్వకుండా బతకగలరా?

చంద్రగుప్తుడు కాలెత్తగానే డప్పు మొదలవుతుంది. ఆడాళ్లు వారం ముందునుంచి దాచిన కుళ్లు టమాటాలూ పుచ్చు వంకాయలూ రాజు మీదికి విసురుతారు. డప్పు ఆగేదాకా కొట్టాల్సిందే. కిరీటం ఉన్న తలకే గురి పెట్టాలి, పక్కవాడి మీద పడకూడదు. ఇది పాత ఓడల్లో కూలికి వచ్చిన పెద్దలు పెట్టిన కట్టడి. ఆటలో తన్ను ఉత్తుత్తిదే కావాలి. వీరాస్వామి మాత్రం బూటు కాలితో నిజంగానే తన్నేవాడు. రెండేళ్ల కింద ఎముక చిట్లింది. జనం నవ్వారు. ఎంకన్న కూడా పళ్లు బిగించి నవ్వాడు.

ఆ పొద్దున సుబ్బమ్మ చెరకు మోపు దించి రెండు నిమిషాలు కూర్చుంది. అరవై దాటిన మనిషి. వీరాస్వామి వెనకనుంచి వచ్చి ఆవిడ నడుం మీద ఒక్క తన్ను తన్నాడు.

"లే ముసల్దానా! మిస్యే దొర చూత్తే నా పనేటవుద్ది?"

ఎంకన్న కత్తి ఆగింది. "సిర్దార్, తల్లి వయసు ఆమెది."

"నీకెందుకురా నందరాజా తొందర? నీ తన్ను మూడింటికుంది గదా!" వీరాస్వామి బూటు దులుపుకున్నాడు. "ఇయ్యాల పెద్ద మిస్యే కూడా వత్తన్నాడు చూడ్డానికి. దబ్బుమని పడాల. ఏమన్నా తేడా చేసావో, ఎస్టేటు కొంప కాళీ చేసి పోతావ్."

వాడు వెళ్లాక సుబ్బమ్మ నడుం పట్టుకుని లేచింది. "ఊరుకోరా అబ్బాయ్. పడి లేచేత్తే అయిపోద్ది. కొంప పోతే ఎక్కడుంటావు?"

"పదకొండేళ్లు పడ్డాను గదత్తా. లేచిందెప్పుడు?"

ఆ కొంపలోనే ఎంకన్న కాపురం చేశాడు. భార్య రత్నమ్మ ఆ కొంపలోనే కన్నుమూసింది. ఇంకో కొంప అంటూ లేదు. అది తెలిసే వీరాస్వామి ఆ మాట అన్నాడు.

మూడయింది. పెద్ద మిస్యేకి పేము కుర్చీ వేశారు. ఎంకన్న మసితో మీసం దిద్దుకుని, కిరసనాయిలు డబ్బా కత్తిరించి చేసిన కిరీటం పెట్టుకుని రమ్ము పీపా మీద కూర్చున్నాడు. "నా రాజ్యంలో రాయి నాది! రాయి మీద కూర్చున్నవాడి నీడా నాదే!" అని ఎప్పటిలాగే గర్జించాడు. ఆడాళ్లు తిట్టారు. పట్టుపంచె కింద బూట్లతో వీరాస్వామి వచ్చి కాలెత్తాడు.

ఎంకన్న లేచి నిలబడ్డాడు.

పదకొండేళ్లలో ఆ రాజు అక్కడ లేచింది లేదు. వీరాస్వామి కాలు గాల్లోనే ఉంది. ఎంకన్న కిరీటం రెండు చేతులా తీసి, వాడి నెత్తిన పెట్టి, చెవుల దాకా నొక్కాడు. తర్వాత మెల్లిగా దిగి వెళ్లి ఆడాళ్ల మధ్య నిలబడ్డాడు.

"కొంచెం సేపు నువ్వే ఏలు, సిర్దార్!"

 డప్పు రామలు ఒకసారి సిర్దార్‌ని చూశాడు, ఒకసారి ఎంకన్నని చూశాడు. ఏమనుకున్నాడో, దరువు అందుకున్నాడు.

మొదటి వంకాయ సుబ్బమ్మది. వీరాస్వామి ముక్కు మీద పగిలింది.

"ఆపండే! నేను సిర్దార్ని! రాజుని కాను!" వాడు కిరీటం లాగుతున్నాడు. రేకు చెవుల్లో దిగి రావడంలేదు.

"కిరీటం నీ నెత్తినే ఉందిగా బాబూ! మేవేం చేత్తాం, పెద్దల కట్టడి!" అంది సుబ్బమ్మ, రెండోది ఏరుకుంటూ.

పెద్ద మిస్యే ఇదే ఆట అనుకున్నాడు. కడుపు పట్టుకుని నవ్వి, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. వీరాస్వామి అది చూశాడు. చూశాక కిరీటం లాగడం మానేసి, చేతులు వేలాడేసి నిలబడ్డాడు. అక్కడ పడ్డాడు రాజు. ఏ సైన్యమూ రాలేదు. బుట్టలు ఖాళీ అయ్యేదాకా రామలు చెయ్యి ఆగలేదు.

పొద్దు వాలకముందే కాపలా పియర్ వచ్చాడు. తల దించుకుని, మామా అని పిలుస్తూ, దీవి భాష క్రెయోల్లో చెప్పాడు: "తోంతోం ఎంకన్నా, వెళ్లిపొమ్మన్నాడు సిర్దార్. ఆటలో ఓడిన నందరాజుకి ఒక్క రథంలో పట్టినంత తీసుకుపొమ్మని సెలవిస్తారట కదా. నిన్ను నెత్తిన పట్టినంత తీసుకుపొమ్మన్నాడు."

"కొంప ఎవరిది, పియర్?"

"ఎస్టేటుది."

"తలుపో?"

పియర్ గుమ్మం వైపు తిరిగి చూశాడు.  ఆ కొంప ఇచ్చిననాడు గుమ్మానికి గోనెగుడ్డ వేలాడుతుండేది. ఒక తుఫానులో పడిన పనసచెట్టు కోసి, ఎంకన్నా రత్నమ్మా మూడు నెలల ఆదివారాలు కూర్చుని ఆ తలుపు చేసుకున్నారు.

ఎంకన్న తలుపు మరలు విప్పుతుంటే రెండోవైపు పియరే పట్టుకున్నాడు. సుబ్బమ్మ వచ్చింది. "ఎక్కడికిరా?"

"రోజ్ హిల్. చెల్లి ఈశ్వరమ్మ ఇంటికి."

"తలుపుతోనా! బస్సోడు ఎక్కించుకుంటాడా?"

"దాన్ని టాపు మీద పడేత్తాడు. నేను లోన ముందు సీట్లో కూకుంటా." తలుపు నెత్తికెత్తుకున్నాడు. "వచ్చే ఏడు అందరికీ ఓటంటన్నారు గదత్తా. ఆ రోజుకొత్తాను. సిర్దార్‌తో చెప్పు, ఎంకన్న నిలబడే వత్తాడని."

చెరకు కొట్టేసిన తోటల మధ్య దారి. నెత్తిన అంత బరువుంటే నడుం వంచడం కుదరదు. ఎంకన్న నిటారుగా నడిచి వెళ్లాడు. గుమ్మాల్లో కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. 

మర్నాడు పొద్దున వీరాస్వామి తాళంకప్ప పట్టుకుని వచ్చి, దాన్ని వెయ్యడానికి చోటు దొరక్క కాసేపు అక్కడే నిలబడి వెళ్లిపోయాడు. గుమ్మానికి మరలు తుప్పుపట్టి ఊడిరాని మడతబందు ఒక్కటి మిగిలింది, దేన్నీ మొయ్యకుండా గాలికి అటూ ఇటూ తిరుగుతూ.