పుక్కిలింత

తోకుజి పక్షవాతంతో రెండు నెలలు ఆసుపత్రిలో ఉండి, మంచు పడే రోజుల్లో ఇల్లు చేరాడు. పలచటి గంజి మింగగలుగుతున్నాడు. పంపించేటప్పుడు నర్సు మరీమరీ చెప్పింది: "తిన్న ప్రతిసారీ పుక్కిలింపించండి పెద్దమ్మగారూ. నోట్లో మెతుకు మిగిలితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

అతని భార్య ఫుమియేకి ఆ పని ఒకరు నేర్పాలా? ఆ ఊళ్ళో బడి నుంచి వచ్చిన పిల్లలు కూడా చెప్పులు విప్పగానే చేసేది అదే. తల వెనక్కి వాల్చి, గొంతులో నీళ్ళు గరగరలాడించి ఉమ్మేయడం.

మూడు పూటలా పుక్కిలించడానికి పాలు కలపని టీ చల్లార్చి తెచ్చి, మొగుడి మెడ కింద చెయ్యి వేసి, తల వెనక్కి వాల్చేది. అతనికి పొలమారేది.

"ఏమే, నన్ను ఇంట్లోనే ముంచేద్దామనా?" వంకరపోయిన మూతితో ముద్దముద్దగా అనేవాడు.

"ముంచడానికి టీ దండగ చేస్తానా? గరగరమనండి. మీ మనవడు నయం," అని ఆమె నవ్వేది.

ఆ గరగర శబ్దం కాస్త గట్టిగా వచ్చిన పూట, ఆమె బుద్ధుడి ముందు ఇంకో అగరువత్తి వెలిగించేది.

ఐదో రోజు అతనికి జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది. మళ్ళీ అదే ఆసుపత్రి. ఊపిరితిత్తులు నీరు పట్టి చెడ్డాయన్నారు.

"పుక్కిలింపించారా?" అని నర్సు అడిగింది.

"ఒక్క పూట మానితే ఒట్టు."

"ఎలాగో చూపించండి."

ఫుమియే తల వెనక్కి వాల్చింది. నర్సు మొహం పాలిపోయింది.

"అలా కాదమ్మా! తల వంచి, పుక్కిట పట్టి, బుగ్గల్లో ఆడించి ఉమ్మేయించాలి. మింగలేని మనిషికి తల వాలిస్తే..."

"పుక్కిలింపించమన్నారు కదా."

"అన్నాను."

"అదే చేయించాను."

"అవునమ్మా," అంది నర్సు. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఫుమియే ఆ రోజు నుంచీ జపమాల వదల్లేదు. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు, నేను బద్ధకించలేదు. మరి తప్పు ఎక్కడ దూరింది స్వామీ? ఆయన దగ్గును ఇంకాస్త గట్టిగా వినిపించకపోయావా? అలా అడుగుతూ ఉండగానే మాట తడబడింది. దగ్గు వినిపించింది. ప్రతి పూటా వినిపించింది. పైగా తను నవ్వింది.

ఆసుపత్రిలో చేరిన ఆరో రోజు పొద్దున తోకుజి పోయాడు.

పెదాలకు కడసారి నీళ్ళు అద్దడానికి, ఆడపడుచు కిను చిన్న గిన్నె, పుల్లకు చుట్టిన దూది తెచ్చింది. "ముందు నువ్వే వదినా."

ఫుమియే దూది తడిపి, గిన్నె అంచుకు నొక్కి పిండింది. మళ్ళీ పిండింది. ఒక్క బొట్టు కూడా రాలనంతగా పిండింది.

"ఇంకా భయమేమిటి వదినా," అంది కిను మెల్లగా.

ఫుమియే అతని గడ్డం పట్టి, తల ముందుకు వంచి, ఆ పొడి దూదిని పెదాలకు తాకించింది.